యోహాను చల్లిన యూరియా

యోహాను ఇరవై ఆరేళ్లు పల్నాడులోని ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పొలం పనులు చూశాడు. పైరు పాలిపోతే చూస్తూ ఊరుకునే మనిషి కాదు. ఆ గుణమే ఒక ఏడాది కొంప ముంచింది.

ఆ ఏడాది సుభాషిణి అనే శాస్త్రవేత్త మినుములో ప్రయోగం పెట్టింది. దాచేపల్లి పక్కన ఒక చేలో, మినుము వేళ్ల బుడిపెల్లో ఆమెకు మంచి బ్యాక్టీరియా దొరికింది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే రకం. దాన్ని విత్తనానికి పట్టించి, యూరియా వేయకుండా ఆరు మళ్లు వేసింది. పోల్చి చూడటానికి పక్కనే యూరియా మళ్లు ఆరు.

ఇరవై రోజులకు యూరియా మళ్లు నిగనిగలాడుతున్నాయి. సుభాషిణి మళ్లు పసుపు తిరిగాయి. వేళ్లకు బుడిపెలు ఇంకా సరిగా కట్టలేదు, అంతే. పది రోజుల్లో పైఅధికారులు వస్తారు. మేడం మాట పడుతుందని యోహాను బాధపడ్డాడు. ఎవరికీ చెప్పకుండా ఆ మళ్లలో ఒక్కోదానికి రెండు దోసిళ్ల యూరియా చల్లి నీళ్లు పెట్టాడు. పైరు పచ్చబడింది.

నలభయ్యో రోజున సుభాషిణి మొక్కలు పీకి బుడిపెలు కోసింది. పనిచేసే బుడిపె లోపల ఎర్రగా ఉండాలి. ఇవి తెల్లగా ఉన్నాయి.

"యోహాను గారూ, వీటికి యూరియా ఏమన్నా పడిందా? నేలలో తేరగా నత్రజని దొరికితే మొక్క బుడిపెలకు తిండి తగ్గిస్తుంది. లోపలి బ్యాక్టీరియా పని ఆపేస్తుంది."

"లేదు మేడం, ఎవురూ ఎయ్యలా," అన్నాడు యోహాను.

ఆమె నమ్మింది. ఆ బ్యాక్టీరియా పనికిరాదని రిపోర్టు రాసింది. ప్రయోగం మూసేశారు. బదిలీ మీద వెళ్లేముందు ఆ బ్యాక్టీరియాను పెంచిన కల్చర్ గొట్టాలన్నీ తనే ఉడికించి పారబోయించింది. ఆ గొట్టాలు కడిగింది యోహానే.

తొమ్మిదేళ్లకు, రిటైరైన వారంలో ఆమెకు ఫోన్ చేశాడు.

"మేడం, ఆ మినుముకు యూరియా ఏసింది నేనే. అబద్ధమాడా."



"అప్పుడే చెప్పుంటే మళ్లీ వేసేవాళ్లం కదండీ. డెబ్బై రోజుల పంటేగా."

"ఆ బ్యాక్టీరియా మళ్లీ దొరుకుద్దేమోనని దాచేపల్లి చేను కాడికి పోయొచ్చా మేడం. సున్నపురాయి క్వారీ అయిపోయింది. గడ్డిపరక కూడా లేదు."

"జరిగింది రాసి పంపండి. రిపోర్టుకు జత చేయిస్తాను. మీ పేరు వద్దంటే తీసేస్తా."

"ఉండనీయండి మేడం."

నాలుగు వాక్యాలు రాయడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. కింద సంతకం చేసి, నరసరావుపేట పోస్టాఫీసులో రిజిస్టర్ పోస్టు చేశాడు. ఉత్తరం అందిందని మాత్రం సుభాషిణి మెసేజ్ పెట్టింది.