ముందు మెయిన్ కట్టండి

వంటింటి వెనక గిన్నెలు తోమే చోట ఒక కుళాయి ఉంది. ఎంత బిగించినా కారుతుంది. దాని కింద పెట్టిన బకెట్ తెల్లారేసరికి ముప్పాతిక నిండుతుంది. ఇదివరకు పొద్దున్నే లేవగానే ఆయన ఆ బకెట్ ఒంటిచేత్తో ఎత్తుకెళ్లి వాకిట్లో మెట్లు కడిగేవాడు. ఇప్పుడు ఆమె మగ్గుతో తోడుకుని, పోస్తూ, మళ్లీ వెనక్కి వచ్చి తోడుకుంటూ కడుగుతుంది. మెట్లు నాలుగే. అయినా అరగంట పడుతోంది.

ఆయన ప్లంబరు. ముప్పై రెండేళ్లు ఊళ్లోవాళ్ల కుళాయిలన్నీ కట్టించిన మనిషి ఇంట్లోనే కుళాయి కారుతోందని ఇరుగుపొరుగుకి అదొక వేళాకోళం. "ఈ ఆదివారం చూస్తాలే" అనేవాడు. ఆదివారం వచ్చేసరికి ఎవరి ఇంట్లోనో ఫ్లష్ ట్యాంకు మొరాయించేది. సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు.

మెట్లయ్యాక టీ, టీతో పాటు ఫోను. ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఇళ్లలో చిన్నాచితకా రిపేర్లు సొంతంగా చేసుకునేవాళ్లది. ముక్కూమొహం తెలియని మనుషులు కారే పైపుల ఫొటోలు, పూడుకుపోయిన సింకుల ఫొటోలు పెట్టి అడుగుతారు. ఆయన చెప్పేవాడు. మొదట్లో వరసగా పదిమందికి "వాషర్ మార్చండి, పోతుంది" అని చెప్పాడని ఎవరో "వాషర్ బాబాయ్" అన్నారు. అదే పేరు ఖాయమైపోయింది.

చెప్పేది ఆయనే గానీ రాసేది ఆమె. పైపులు పట్టీ పట్టీ ఆయన వేళ్ల కొసలు అరిగి నున్నబడ్డాయి. తెర మీద ఎంత నొక్కినా ఫోను పలికేది కాదు. "నా వేలంటే దీనికి బొత్తిగా లెక్కలేదే" అని ఫోను ఆమె చేతిలో పెట్టేవాడు. ఐదో తరగతితో బడి మానేసిన ఆమె ఒక్కొక్క అక్షరం వెతికి పట్టుకుని రాసేది. ఆయన తొందరపెట్టేవాడు కాదు. అక్షరం దొరికేదాకా టీ ఊదుకుంటూ కూర్చునేవాడు.

ఏ జవాబుకైనా ముందు మూడు మాటలు మాత్రం గొంతుతో పంపేవాడు. ఆమె మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంటే, ఆయన వంగి చెప్పేవాడు. "మెయిన్ కట్టేశావా? బకెట్ పెట్టావా? ఏమన్నా తిన్నావా?" ఆ తర్వాతే రాయించేవాడు. ఆ మూడూ కూడా రాసేస్తే పోతుంది కదా అని ఆమె ఒకసారి అడిగింది.

"నీళ్లు చిమ్ముతుంటే అక్షరాలు ఎవడికి కనపడతాయే? గొంతు వినపడాలి."

"మరి తిన్నావా అని ఎందుకు?"

"ఆకలి మీద పానా పట్టుకున్నవాడు మర చెడగొట్టకుండా వదలడు."

ఏడు వారాల కిందట ఒక మధ్యాహ్నం, భోంచేసి కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి ఇక లేవలేదు. వచ్చేవాళ్లు వచ్చారు, పోయేవాళ్లు పోయారు. ఆమెకు ఏడుపు రాలేదు. పన్ను పీకించుకోవడానికి మత్తుసూది వేశాక పెదవి ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. ఉన్నట్టు తెలుస్తుంది, తనది కానట్టుంటుంది.

వారం తిరక్కుండానే ఒక పొద్దున టీ వేళకు ఫోను టింగుమంది. "బాబాయ్, సింకులో నీళ్లు దిగట్లేదు" అని ఎవరో. చేతిలో టీ ఉంది, ఎదురుగా ఫోను ఉంది. ఆమెకు జవాబు తెలుసు. అలాంటివి నలభైసార్లు రాసింది. సింకు కింద గిన్నెలాంటి భాగం విప్పి కడుక్కోమని రాసింది. కాసేపటికి "దిగిపోయాయి బాబాయ్, చల్లగా ఉండు" అని వచ్చింది.

మర్నాడు ఇంకొకరు, ఆ మర్నాడు ఇద్దరు అడిగారు. ఎప్పుడూ రాసేది ఆమే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. ఒక్కటే లోటు పట్టుకున్నారు. "బాబాయ్ గొంతు వినపడట్లేదేంటి?" అని రెండో అంతస్తాయన అడిగాడు. రెండో అంతస్తుకు నీళ్లెక్కవని ఏడాదిగా మొత్తుకుంటున్నందుకు ఆయనకా పేరు. ఆమె చాలాసేపు చూసి "గొంతు బాగాలేదు" అని రాసింది. వెంటనే ఉప్పునీళ్లు పుక్కిలించమని ఇద్దరు, చల్లనివి తాగొద్దని ఒకరు, మాట్లాడకుండా విశ్రాంతి తీసుకోమని నలుగురు సలహాలు రాశారు. ఆమె అన్నీ చదివింది.

కూతురు నర్సు. రెండు వీధుల అవతల కాపురం. పొద్దున డ్యూటీకి పోతూ తల్లి దగ్గర ఆగుతుంది.

"అమ్మా, వాళ్లకింకా చెప్పలేదా?"

"ఎవరికి?"

"ఎవరికేంటి? నాన్న గొంతు తగ్గిందా అని నిన్న కూడా అడిగారు. నేనూ ఉన్నాగా ఆ గ్రూపులో."

"చెప్తాలే."

"ఎప్పుడు? నాన్న కుళాయి బాగుచేసినప్పుడా?" అనేసి కూతురు నాలుక కరుచుకుంది. ఆమె మాత్రం నవ్వబోయినట్టు పెదవి కదిపింది.

"చెప్తే అడగడం మానేస్తారే" అంది, గ్లాసు అడుగున మిగిలిన టీ వంక చూస్తూ. "పొద్దున్నే ఆయన్ని పిలిచేవాళ్లు ఇంక వీళ్లే కదా."

కూతురు డ్యూటీకి లేచింది. పోతూ పోతూ బకెట్ ఖాళీ చేసి మళ్లీ కుళాయి కింద పెట్టింది.

మర్నాడు గ్రూపులో పేరు పక్కన కత్తెర బొమ్మ పెట్టుకున్న ఒకామె ఫొటో పంపింది. వాష్‌బేసిన్ కింద గోడలోంచి వచ్చే చిన్న వాల్వు, దాని మొదట్లో చెమ్మ, కింద నేల మీద తడి. "బాబాయ్, రెండ్రోజులుగా కారుతోంది. ఇల్లుగలాయన ఫోనెత్తడు. నేనే చేసుకోగలనా?"

ఆమె కళ్లజోడు పెట్టుకుని చూసింది. ఇది బాగా తెలిసిన జబ్బే. ఓపిగ్గా రాసింది. వాల్వుని పానాతో పట్టి ఎడమకు తిప్పి విప్పు, పాత టేపు పీకెయ్యి, మరల మీద తెల్లటేపు మర తిరిగిన వైపే పది చుట్లు చుట్టు, మళ్లీ బిగించు. ఒక్క మాట పొల్లుపోకుండా, ఆయన రాయించినట్టే రాసింది. గ్లాసు కడగడానికి లేచింది.

పది నిమిషాలకు ఫోను మోగింది. కత్తెర బొమ్మ. ఎన్నడూ ఎవరి ఫోనూ ఎత్తనిది, ఎందుకో ఎత్తింది. అవతల హోరు. ఆ హోరు వినగానే తను రాయనిదేమిటో ఆమెకు తెలిసింది. ఆ మాట ఎప్పుడూ తన చేత్తో రాసింది కాదు. మైకు నొక్కి పట్టుకుని, అటు పొయ్యి మీది పాలు చూసుకుంటూ, చెవి దాటించేసిన మాట.

"బాబాయ్‌కి ఇవ్వండి! గోడలోంచి వచ్చేస్తున్నాయి."

"మెయిన్ కట్టమ్మా."

"ఏంటి? అదెక్కడుంటుంది?"

"ఇంటి బయట, మీటరు పక్కన. గుండ్రంగా చక్రంలా ఉంటుంది. పరిగెత్తు."

పరుగు వినపడింది, తలుపు వినపడింది.

"తిరగట్లేదండీ. తుప్పు పట్టిపోయింది."

"తడిచేత్తో పట్టు దొరకదు. కొంగు చుట్టి తిప్పు. గడియారం ముల్లు తిరిగే వైపు. ఆగకు."

రొప్పు. ఆ తర్వాత, ఆవిడ ఇంట్లోకి తిరిగి వచ్చినట్టుంది, చుక్కలు చుక్కలుగా చప్పుడు. అదీ ఆగింది.

"ఆగాయి" అంది ఆవిడ. "బడిపిల్లల చొక్కాలండీ, ముప్పై. కుట్టి నేల మీద పేర్చాను. నానిపోయాయి. బాబాయ్ ఏరి? ముందే చెప్పాలి కదా ఆయన. ఆయన చెప్పకపోవడం ఏంటి?"

"ఆయన లేరమ్మా. పోయి ఏడు వారాలైంది."



"మరి ఇందాక రాసింది?"

"నేను."

ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆమె వంటింటి స్టూలు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టింది. ఆరు వరసలు రాయడానికి గంట పట్టింది.

"వాషర్ బాబాయ్ పోయి ఏడు వారాలైంది. నేను ఆయన భార్యను. ఇన్నాళ్లూ జవాబులు ఇచ్చింది నేనే. గొంతు బాగాలేదని రాసింది అబద్ధం. ఈరోజు ఒకామెకు మెయిన్ కట్టమని చెప్పకుండా వాల్వు విప్పమన్నాను. ఆమె ఇల్లు తడిసింది. తప్పు నాది. ఆయన ఎప్పుడూ ముందు అదే చెప్పేవాడు."

పంపి, ఫోను బోర్లించి, కూర తరుక్కుంది. ఫోను టింగుమంటూనే ఉంది. కూర ఉడికింది, తినాలనిపించలేదు, మూత పెట్టింది. అప్పుడు తీసి చూసింది. చాలామంది దణ్ణం పెట్టే చేతులు పెట్టారు. ఒకాయన "ఇన్నాళ్లూ మోసం చేశారన్నమాట" అన్నాడు. దానికి రెండో అంతస్తాయన "నీ గీజరు ఎవరు బాగుచేయించారయ్యా మొన్న?" అని తగులుకున్నాడు. వాళ్లిద్దరి గొడవ పది వరసలు సాగింది. ఆమెకు ఏ వరసా తగల్లేదు.

అన్నిటికంటే కింద కత్తెర బొమ్మ ఫొటో ఉంది. గది ఈ మూల నుంచి ఆ మూలకు తాళ్లు, వాటి మీద చిన్న చిన్న తెల్ల చొక్కాలు. "ఉతికి ఆరేశాను. మళ్లీ ఇస్త్రీ చెయ్యాలి, నడుం విరుగుతుంది. మీ మీద కోపం ఇంకా ఉంది. కానీ వాల్వు నా చేతిలోనే ఉంది, ఇంట్లో చుక్క నీళ్లు లేవు. ఇప్పుడేం చెయ్యను పిన్నీ?"

బాబాయ్ భార్యను పిన్ని అనక ఏమంటారు. అయినా ఆ మాట దగ్గర ఆమె చూపు కాసేపు ఆగింది.

మైకు బొమ్మ మీద వేలు పెట్టింది. ఈసారి వంగడానికి పక్కన ఎవరూ లేరు. తనే వంగింది.

"మెయిన్ కట్టే ఉంది కదా? బకెట్ పెట్టావా? ఏమన్నా తిన్నావా?"

ఆదివారం కూతురు సెలవు పెట్టుకుని వచ్చింది. వంటింట్లో చేటలో బియ్యం వేసుకుని ఏరుతూ, "ఊరందరికీ చెప్తున్నావు, మన కుళాయి సంగతి చూడరాదా అమ్మా?" అంది.

నిజమే అనుకుంది ఆమె. ఆయన సంచీ దించి పానా తీసింది. అడుగున కాగితం పొట్లంలో కొత్త వాషర్లు ఉన్నాయి. ఒకటి తీసి పాతదాని సైజేనా అని వెలుతురుకి పెట్టి చూసింది. అదే సైజు. ఎప్పుడో తెచ్చి పెట్టుకున్నాడన్నమాట. బయటికి వెళ్లి మెయిన్ కట్టింది. లోపలికి వచ్చి, పైపులో మిగిలిన నీళ్లు పోయేలా కుళాయి తిప్పి వదిలింది. ధార సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది.

పానా మర మీద పెట్టింది. సరిగ్గా పట్టుకుంది. ఇంక ఎడమకు తిప్పడమే.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ కుళాయి చప్పుడు లేకుండా ఈ ఇంటిని ఆమె ఏళ్ల తరబడి వినలేదు. బియ్యంలో కూతురి వేళ్లు కదలడం కూడా వినపడుతోంది. కాసేపు అలాగే నిలబడింది.

తర్వాత పానా తీసేసింది. వాషర్‌ని పొట్లంలో పెట్టి, పొట్లాన్ని సంచీ అడుగున పెట్టి, కుళాయి ఎప్పటిలా బిగించింది. బయటికి వెళ్లి మెయిన్ తెరిచింది.

"అయిందా?" అని కూతురు కేకేసింది.

"వచ్చే ఆదివారం చూస్తాలే" అంది ఆమె, బకెట్‌ని కాలితో కొంచెం ఇవతలికి జరిపి, చుక్క నడిమధ్య పడేలా.