బ్రహ్మచారికి కనపడని బటన్

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక జూలై నెలలో, విశ్రాంత కార్మికుల సంఘం వెబ్‌సైటు పని నాకు అప్పగించారు. అప్పుడు నేను హిందీ మాట్లాడే ఒక ఉక్కు పట్టణంలో, సుపేలా అనే పేటలో, ఒక చిన్న కంప్యూటర్ సంస్థలో సీనియర్ ప్రోగ్రామర్‌ని. అంతకుముందు పదకొండేళ్లు అక్కడి ఉక్కు రోలింగ్ మిల్లు కంట్రోల్ రూంలో పనిచేశాను. ఆ మిల్లులో మొదటిరోజే నేర్పేది ఒకటుంది: ఏదైనా తేడాగా కనిపిస్తే ఎర్ర బటన్ నొక్కు, లైను మొత్తం ఆపు. ఆ అలవాటు నాతోపాటే వెబ్‌పేజీలు రాసే పీహెచ్‌పీ భాషలోకీ వచ్చింది.

సంఘం సభ్యులు ఏటా హెల్త్ కార్డు రెన్యువల్ చేసుకోవాలి. ఆన్‌లైన్‌లో అదే మొదటిసారి. ఆ పేజీని నాలుగు ఫైళ్లుగా రాశాను: సభ్యుడి వివరాలు, కుటుంబసభ్యులు, ఆసుపత్రి ఎంపిక, చివర సబ్మిట్ బటన్. ఒక ప్రధాన ఫైలు వీటిని వరసగా పిలుస్తుంది; దాన్నే ఇన్‌క్లూడ్ చేయడం అంటాం. ఆఫీసులో అందరం మా మా పేర్లతో పరీక్షించాం. బ్రహ్మాండంగా నడిచింది.

రెన్యువల్ గడువు ఆఖరిరోజు మధ్యాహ్నం అప్పలనాయుడుగారు నెహ్రూనగర్ నుంచి ఆటోలో వచ్చి దిగారు. మిల్లులో క్రేన్ ఆపరేటర్‌గా రిటైరైన మనిషి. శ్రీకాకుళం వదిలి నలభై ఏళ్లయినా యాస మాత్రం వదల్లేదు. మర్నాడే ఆయనకు కంటి ఆపరేషన్. కార్డు లేకపోతే ఆ తేదీ పోతుంది, మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు. ఒక కన్ను అప్పటికే పూర్తిగా మసకబారింది.

"పేరొత్తంది, ఫొటో ఒత్తంది. కిందేటీ నేదు బాబూ," అన్నారు.

తప్పు నా కోడ్‌లో ఉందంటే నాకు ఒళ్లు మండేది. మీ ఫోన్ పాతదన్నాను. అంతకుముందు ముగ్గురు ఇదే మాట చెబితే వాళ్లకీ అదే జవాబిచ్చాను. ఆయన కదల్లేదు. సరే చూపిస్తానుండండని మా కంప్యూటర్‌లో ఆయన పేజీ తెరిచాను. అక్కడా అంతే. నా పేరుతో తెరిస్తే మాత్రం నిండుగా వచ్చింది.

ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాను.

"ఎవలూ నేరు. నాను పెళ్లి సేసుకోనేదు. అందుకని కన్ను కూడా బాగు సెయ్యరేటి?"

అప్పుడు వెలిగింది. కుటుంబసభ్యుల ఫైలు మొదట్లోనే రాసి ఉంచాను: పేర్లేమీ లేకపోతే ఎగ్జిట్. ఆ ఒక్క ఫైలు ఆగితే చాలని నా ఉద్దేశం. కానీ ఎగ్జిట్ అంటే, పిలిచిన ప్రధాన ఫైలుతో సహా అంతా అక్కడే ఆగిపోతుంది. ఆసుపత్రి రాదు, బటన్ రాదు. మా ఆఫీసులో ఒంటరివాళ్లెవరూ లేరు కనుక పరీక్షలో బయటపడలేదు. సిగ్గేసింది.

నాయుడుగారికి ఇదంతా మిల్లు భాషలో చెప్పాను. ఆయన నవ్వారు.

"లోడు నేకపోతే నానేటి సేసీవోణ్ణి? 'ఖాళీ హై భయ్యా' అని కిందకి కేకేసి ఊరుకునీవోణ్ణి. మిల్లు ఆపేసీవోణ్ణేటి?"

ఎగ్జిట్ తీసి రిటర్న్ రాశాను. ఈ ఫైలు పని అయింది, పిలిచినవాళ్లు తర్వాతి ఫైలు చూసుకోవచ్చు అని దాని అర్థం. మార్చింది ఒక్క పదం. బటన్ వచ్చింది, దాన్ని ఆయన చేతే నొక్కించాను. మిగతా ముగ్గురికీ నేనే ఫోన్ చేసి, మీ ఫోన్లు బాగానే ఉన్నాయని ఒప్పుకున్నాను.

పది రోజుల తర్వాత నాయుడుగారు నల్లకళ్లద్దాలతో వచ్చి, తనకిక పెళ్లి సంబంధాలు చూడవచ్చని మా మేనేజర్‌కి హిందీలో చెప్పి వెళ్లారు.

ఆ తర్వాత పేజీ మొత్తాన్ని ఆపే అధికారం ప్రధాన ఫైలుకే ఉంచాను. కొత్త పేజీ ఏదైనా ముందు అప్పలనాయుడుగారి పేరుతో, కుటుంబం గడి ఖాళీగా వదిలి పరీక్షించేవాణ్ణి. చివరి బటన్ కనిపించాకే పని పూర్తయిందని సంతకం పెట్టేవాణ్ణి.