నాలుగు బాతుల లినక్స్

మొదటి బోర్డు మా ఇంటికి వచ్చిన రోజు నేను రోట్లో పండుమిరపకాయలు దంచుతున్నాను. మా ఆయన పోస్టు కవరు చించి, దాన్ని అరచేతిలో పెట్టుకుని తెచ్చి చూపించాడు. పేకముక్కల పెట్టె అంత ఉంది. పచ్చటి అట్ట, దాని మీద నల్లటి ముక్కలు, ఒక అంచున వరసగా సన్నటి సూదులు.

"ఇది కంప్యూటరే" అన్నాడు.

"మిగతాది యాడుంది?"

"మిగతాదేం లేదే. ఇంతే."

"దీనికోసమా పది రోజుల్నించి పోస్టుమాను దారి కాస్తన్నావు?"

మా ఆయనది కారంపూడిలో మోటార్లు చుట్టే కొట్టు. కాలిన మోటారు విప్పడం, రాగి తీగ చుట్టి మళ్ళీ తిప్పడం ఆయన బతుకు. ఈ బోర్డులు మాత్రం సరదా. ఆ సరదాకి తోడు ఇంకొకరుండేవారు. నరసరావుపేటలో సైన్సు చెప్పి రిటైరైన మేష్టారు. ఆదివారం పొద్దున బస్సు దిగి, మా అరుగు మీద కూర్చుంటే సాయంత్రం బస్సుకే లేచేవారు.

ఆ రోజు బోర్డుకు మా టీవీ తగిలించారు. నల్లటి తెర మీద, పై వరసలో నాలుగు బాతులు నిలబడ్డాయి. తెల్ల పొట్టలు, పసుపు కాళ్ళు.

"బాతులు కావమ్మాయ్, పెంగ్విన్లు" అన్నారు మేష్టారు. "లోపల నాలుగు బుర్రలున్నాయి. బుర్రకొకటి లెక్కన వస్తాయి."

నాకవి బాతులే. ఇప్పటికీ బాతులే. వాటి కింద తెల్లటి అక్షరాలు వరస వెంబడి వరస పరుగెత్తాయి. ఎడమ పక్కన ప్రతి వరసకూ పచ్చటి ముక్క ఒకటి. అది పచ్చగా ఉంటే ఆ పని అయినట్టు, ఎర్రగా ఉంటే చెడినట్టు అని చెప్పారు.

నేను అయిదో తరగతితో బడి మానేశాను. ఇంగ్లీషు ముక్క చదవలేను. కానీ ఒకసారి చూసింది పోదు. ఎవరి పెళ్ళిలో ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో, ఏ పంక్తిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో ఇప్పుడడిగినా చెబుతాను. ఆ వరసలు కూడా అలాగే పట్టుకున్నాను. ముందు పొట్టివి, తర్వాత పొడుగాటిది, ఆపైన ఊపిరి తీసుకున్నట్టు కాసేపు ఆగడం, మళ్ళీ గబగబా. చివరకు చిన్న కూత.

లినక్స్ అంటే ఏమిటని అడిగితే మేష్టారు నాకు అర్థమయ్యేట్టే చెప్పారు. "లోపలి గింజ అందరికీ ఒకటే. దానికి తలా ఒకరు తమకు నచ్చిన సరుకులు చేర్చి, మూట కట్టి ఊరికే పంచుతారు. ఆ మూటల్నే డిస్ట్రోలంటాం. ఏ మూట దించుకోవాలన్నదే మన తగువు."

"అంటే గోంగూర ఒకటే, పచ్చడి ఇంటికో తీరు."

"అదే!"

మా పల్నాట్లో రెండు పార్టీలు లేని వీధి ఉండదు. మా అరుగు మీద కూడా రెండయ్యాయి. ఆరు నెలలకోసారి కొత్తగా వచ్చే మూట మా ఆయనది. ఏళ్ళ తరబడి మారకుండా, నగలూ నట్రా లేకుండా ఉండేది మేష్టారిది.

"మీది ముసలోళ్ళ మూట మేష్టారూ. అన్నీ పాతయ్యే."

"నీది చంటిపిల్లయ్యా. ఆర్నెల్లకోసారి కొత్త గౌను కుట్టించాల."

"మీరు ఎలక్షన్లో నిలబడినా నిరుడు పంచిన కాయితాలే మళ్ళీ పంచేట్టున్నారు."

"పంచుతానయ్యా. నిరుడు చెప్పింది ఈ ఏడు చేసి చూపించాలిగా!"

ఆ ఏడు మేష్టారి పార్టీయే గెలిచింది. ఆయన మూట వేస్తే కాఫీ కలిపేలోపు బోర్డు లేచి కూర్చునేది. మా ఆయనది వేస్తే కాఫీ తాగి గ్లాసు కడిగినా లేచేది కాదు.

ఆ బోర్డులతో వాళ్ళు చేసింది వాన కూత. మిరపకాయలు ఎండబోసే కల్లంలో ఒక రేకు పెడతారు. దాని మీద చినుకు పడగానే తీగ గుండా ఇంట్లో బోర్డుకు తెలుస్తుంది, బోర్డు సైరను మోగిస్తుంది. అరమైలు దూరంలో చేలో ఉన్నా వినబడుతుంది. పరుగెత్తుకొచ్చి కాయల మీద పట్టాలు కప్పుకోవచ్చు. ఎండే కాయ తడిసిందా, తెల్లబడి తాలుగా పోతుంది. ఏడాది కష్టం ఎరుపులోనే ఉంటుంది. చుట్టాల ఇళ్ళలో, తెలిసినవాళ్ళ ఇళ్ళలో ఏడు చోట్ల పెట్టారు. మొదటిది నకరికల్లులో మా వదినకు, అంటే మా ఆయన అక్కకు. ఆమె కౌలుకు చేసేది. ఇంటి వెనకే కల్లం, ఇంట్లో తనొక్కతే. కోతల రోజుల్లో కూలీల వెంట చేలో ఉండక తప్పదు.

పెట్టడం ఒక రోజు పని. తర్వాత చూసుకోవడమే అసలు పని. మా ఆయన చేతులు ఎప్పుడూ వార్నీషులో ఉండేవి కాబట్టి ఫోన్లు నాకే వచ్చేవి.

"ఏమే, కరెంటు పోయొచ్చింది. నీ పెట్టె లేవలా."

"టీవీ పెట్టు వదినా. బాతులెన్ని?"

"నాలుగు."

"పొడుగు వరస వచ్చిందా?"

"వచ్చి ఆగింది."

"ఆగనీ, ఊపిరి తీసుకుంటంది. ఇప్పుడు గబగబా పోతాయి చూడు."

"పోతన్నయ్యే పోతన్నయ్! నువ్వు అక్కడుండి యిక్కడ ఎట్టా చూస్తన్నావే!"

ఒకసారి ఆమె మంచి ఎండలో కల్లమంతా పట్టాలు కప్పేసింది. ఏందని అడిగితే, తెర మూల పసుపుపచ్చటి పిడుగు బొమ్మ కనపడిందట. వాన పెట్టె కదా, పిడుగులు పడతాయని చెబుతోందనుకుంది. బోర్డు చార్జరు తీసి ఫోనుకు పెట్టుకుని, ఫోనుది దీనికి పెట్టింది. కరెంటు చాలక అది వేసే బొమ్మ అట. పట్టాల కింద కాయ చెమటపట్టింది. "నీ మొగుడు పిడుగు బొమ్మ ఎందుకు పెట్టాడే, ఆకలి బొమ్మ పెట్టొచ్చుగా!" అని నన్నే తిట్టింది. నవ్వుకున్నాం. అవి మంచి రోజులు. పొద్దున ఏడు ఇళ్ళ నుంచీ ఫోన్లు వచ్చేవి. పలకరింపే "బాతులు నాలుగు" అని ఉండేది.

రెండేళ్ళు పోయాక మా ఆయన పట్టు మళ్ళీ మొదలైంది. కొత్త మూటలో పాటలు బాగా వస్తాయి, వైఫై తెగదు అన్నాడు. మేష్టారికి చలికాలం దగ్గు పట్టి ఆదివారాలు రావడం లేదు. అడ్డం చెప్పేవాళ్ళు లేక, బోర్డుల్లో మూట ఉండే గోరంత కార్డులు ఏడింటినీ కొత్తదానితో రాసి ఇళ్ళకు పంపేశాడు. నన్ను అడగలేదు. నాకు అడగాలని తోచలేదు.

వారం తిరక్కుండా వదిన ఫోను. మా ఆయన బోరులో మోటారు దించడానికి మాచర్ల పోయాడు.

"ఏమే, కరెంటు పోయొచ్చింది. బాతులు లేవు."

"ఒక్కటీ లేదా?"

"లేవు. అక్షరాలూ లేవు. నీలం రంగు బొమ్మ ఒకటి, దాని కింద చిన్న చక్రం తిరుగుతా ఉంది. బాగున్నట్టేనా? కూలీలు ఎదురు చూస్తన్నారు, నే చేలోకి పోవాల."

నాకు తెలియదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. రెండేళ్లుగా ఏడు ఇళ్ళవాళ్ళు నన్నడిగి నడుచుకుంటుంటే, తెలియదని ఎలా అనను అనిపించింది.

"తిరుగుతుంటే బాగున్నట్టేలే వదినా. పో."

మూడు గంటలప్పుడు వాన పడింది. చక్రం తిరుగుతూనే ఉంది, లోపల ఏదీ లేవలేదు. సైరను మోగలేదు. ఆమె చేను నుంచి మబ్బు చూసి పరుగెత్తి వచ్చేసరికి కల్లంలో సగం తడిసింది.

మర్నాడు తెల్లవారే బస్సుకు నకరికల్లు వెళ్ళాను. వదిన కల్లంలో కూర్చుని తడిసినవి ఏరుతోంది. నేనూ ఎదురుగా కూర్చుని ఏరాను.  కాసేపటికి వదిన కాయ మీంచి కళ్ళు ఎత్తకుండానే అంది.

"యంత్రం చెడిందని నాకు కోపం లేదే. తెలియదని నువ్వొక్క మాట చెప్పుంటే, కూలీలను పంపి నేను యిక్కడే కూచునేదాన్ని గదా."

మిరపకాయల ఘాటు వల్ల కళ్ళు కారితే దాచుకోనవసరం లేదు. అదొక్కటే ఆ రోజు నాకు దొరికిన మేలు.

ఆ ఆదివారం మేష్టారు దగ్గుతూనే వచ్చారు. జరిగిందంతా చెప్పాను, నా మాటతో సహా. మా ఆయన తలొంచుకుని కూర్చున్నాడు. మేష్టారు ఆయన వైపు తిరిగి అన్నారు.

"ఏది కొత్తది, ఏది తేలిక అని రెండేళ్లు కొట్టుకున్నామయ్యా. ఫోనెత్తేది ఎవరో ఒక్కసారీ అనుకోలేదు. ఈ అమ్మాయి చూడలేని మూట మనకెందుకు?"

ఏడు కార్డులూ వెనక్కి తెప్పించి పాతదే రాశారు. ఒక మంచి కార్డును పోపుల డబ్బాలో దాచాను. ఎవరి కార్డు చెడినా, పాలలో తోడు వేసినట్టు దానిలోంచే ఇంకొకటి రాసిచ్చేవాళ్ళం. అట్లా చాలా ఏళ్ళు నడిచింది. వరసలు మారలేదు, నేనూ మరిచిపోలేదు.

ఈ ఏడాది ఆ పాత మూట వాళ్ళు మా బోర్డుల సంగతి ఇక పట్టించుకోబోమని చెప్పేశారట. కొత్త బోర్డులు వచ్చాయి, అదే మూటలో కొత్త తరం వచ్చింది. ఇప్పుడు చాలా మూటలు వరసలు దాచిపెట్టి బొమ్మే చూపిస్తాయట. మా ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, మేష్టారు ఫోనులో చెబుతుంటే, ఏదో ఒక ఫైలు తెరిచి, వరసల్ని దాచే రెండు మాటలు తీసేశాడు.

"ఏమే, రా. నువ్వు ఊ అంటేనే మిగతా కార్డులు రాస్తా."

తెర మీద నాలుగూ వరసగా నిలబడ్డాయి. నేను చెంగుతో మొహం తుడుచుకున్నాను. కింద అక్షరాలు మాత్రం పాతవి కావు. ఆగే చోట ఆగలేదు, ఆగని చోట ఆగింది. మూడు రోజులు తీగ పీకడం, పెట్టడం, చూడడం అదే పనిగా చేశాను. ఒక్క వరస మాత్రం ఒకసారి వస్తోంది, ఒకసారి రావడం లేదు. మా ఆయనకూ అంతు చిక్కలేదు.

వదినకు ఫోను చేశాను. ఆమెకిప్పుడు జుట్టంతా నెరిసింది. కౌలు మాత్రం మానలేదు.

"కొత్త కార్డు పెట్టావా వదినా?"

"పెట్టా. కూలీలు చేలోకి పోయారు. నేనూ పోనా?"

"ఇందులో ఒక వరస నాకింకా తెలియట్లా. అది తేలేదాకా కల్లం కాడే కూచో."

 అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"కూచుంటాలే" అంది. "బాతులైతే నాలుగూ వచ్చినయ్."