గెంతినప్పుడు చెయ్యి ముందుకు

పద్నాలుగేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషికి నలభయ్యో యేట విమానం నేర్చుకోవాలని బుద్ధి పుడితే తోటివాళ్ళు ఊరుకుంటారా? డిపోలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అనేవాళ్ళు. ఆ సంగతి పొక్కిన రోజు నుంచి, "ఏమమ్మా, బస్సుకు రెక్కలెప్పుడు పెట్టిస్తున్నావ్?" అని మొదలుపెట్టారు. ఆమె నవ్వి ఊరుకునేది. సెలవు దొరికితే మాత్రం పొద్దున్నే శిక్షణ మైదానంలో వాలిపోయేది. ఆమెది ఉడుంపట్టని పెళ్ళయిన వారానికే తెలిసిందంటాడు భర్త. పాపం, నెమ్మదైన దర్జీ.

మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజే ఆమె శిక్షణకిచ్చే రెండు సీట్ల విమానం ముక్కు విరగ్గొట్టింది.

ఎగరడం బాగానే ఎగిరింది. దిగేటప్పుడు చక్రాలు రన్‌వేను కాస్త గట్టిగా తాకి విమానం బంతిలా పైకి లేచింది. అలా గెంతితే ఇంజను జోరు పెంచి మళ్ళీ పైకి పోవాలి, ఇంకో చుట్టు తిరిగొచ్చి దిగాలి. ఈ మాట నేర్పే మాస్టారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. కానీ బస్సులో ఏ తేడా వచ్చినా జోరు తగ్గించి ఆపడమే కదా! ఆమె కుడిచెయ్యి దానంతటదే, ముందుకు తోస్తే ఇంజను జోరు పెంచే థ్రాటిల్‌ను వెనక్కి లాగింది. ఎడమచెయ్యి విమానం ముక్కును నేలకు అదిమింది. రెండో గెంతు ఇంకా ఎత్తు. మూడో గెంతులో ముక్కు కింది చక్రం విరిగి, ప్రొపెల్లరు వంకరపోయింది. ఒంటికి దెబ్బ తగల్లేదు గానీ ఆమెకు తల కొట్టేసినట్టయింది.

రిపోర్టు రాయాల్సి వచ్చినప్పుడు మెకానిక్ పక్కకు పిలిచాడు.

"గాలి పక్కనుంచి కొట్టిందని రాసెయ్యండి. అందరూ రాసేదే."

"గాలి లేదు కదయ్యా."

"గాలొచ్చి కాదంటుందా? మీ తప్పని రాస్తే ఇంకెప్పుడూ ఒంటరిగా పంపరు, ఆలోచించుకోండి."

ఆలోచించింది. ఎగరడం పోతుందంటే ఆమెకు ఏడుపొచ్చింది. అయినా రాసింది: "గాలి లేదు. గెంతినప్పుడు పైకి పోకుండా, బస్సు ఆపినట్టు ఆపబోయాను."

మాస్టారు అది రెండుసార్లు చదివాడు. "ముందు ఆ చెయ్యి నీ మాట విననీ. తర్వాత చూద్దాం" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గోల. ఆమె కుర్చీలో కుడిచేత్తో గరిటె పట్టుకుని కూర్చునేది. భర్త కుట్టుమిషను దగ్గరినుంచి ఉన్నట్టుండి "గెంతింది!" అని అరవాలి, ఆమె గరిటెను ముందుకు తొయ్యాలి. మొదట్లో చెయ్యి వెనక్కే పోయేది. "నా చెయ్యేనా ఇది?" అని తిట్టుకుని మళ్ళీ అరవమనేది. నెల తిరిగేసరికి, ఓ మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే అతను అరిచాడు. నిద్రలోనే చెయ్యి ముందుకు పోయి మంచినీళ్ళ చెంబు నేలపాలైంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు.

విమానం బాగయ్యాక మాస్టారు పక్కన కూర్చుని ఆమెచేత పదిసార్లు దింపించి చూశాడు. తర్వాత ఓ ఉదయం తలుపు తీసుకుని దిగిపోయాడు. "వెళ్ళిరా."

ఆమె వెళ్ళింది. చుట్టు తిరిగి వచ్చింది. చక్రాలు తాకాయి, విమానం గెంతింది. ఆమె చెయ్యి ముందుకే పోయింది. ఇంజను హోరుమంది, రన్‌వే కిందికి జారిపోయింది. రెండోసారీ గెంతింది, రెండోసారీ లేపేసింది. మూడోసారి విమానం మెత్తగా కూర్చుంది.

మాస్టారు ఎదురొచ్చాడు. "రెండోసారి గెంతింది జానెడేనమ్మా. వదిలేస్తే అదే కూర్చునేది."

"కూర్చునేదేమో మాస్టారూ. నాకు తెలియలేదు. తెలియనప్పుడు పైకే పోతాను."

మాస్టారు ఆమె ఎగిరిన లెక్కలు రాసే పుస్తకం తీసుకుని, ఇకనుంచి ఒంటరిగా ఎగరవచ్చని రాసి సంతకం పెట్టాడు.