సీట్లక్క దేవుణ్ణి పిలిచిన పేర్లు

సీట్లక్క ప్రార్థన మొదలెడితే పైకప్పు రేకులు కూడా చెవులు రిక్కిస్తాయని, టైర్ల కొట్టు మీదున్న ప్రార్థన మందిరంలో అందరూ అనుకునేవాళ్ళు. అదంతా భక్తి అని వాళ్ళ నమ్మకం. నిజానికి ఆమె ఒక్క మాటని తప్పించుకు తిరుగుతోంది. కరిచే కుక్కున్న వీధిలో అడుగుపెట్టని మనిషికి ఊళ్ళో సందులన్నీ తెలిసొచ్చినట్టు, ఆ ఒక్క మాట నోట రాకూడదని బైబిల్లో దేవుడికున్న మిగతా పేర్లన్నీ నేర్చేసుకుంది.

ఆ మాట 'తండ్రీ'.

మిగతా ఆడవాళ్ళ ప్రార్థనంతా దాని మీదే నడిచేది. మొదలెట్టడానికి తండ్రీ, ఊపిరి తీసుకోవడానికి తండ్రీ, ఏమడగాలో తోచకపోతే ఇంకో రెండు తండ్రీలు. సీట్లక్క వంతు వస్తే మాత్రం, "నా కొండా, నా కోటా, నన్ను కాసే కాపరీ, జీవజలపు ఊటా, వేకువచుక్కా" అంటూ దండ గుచ్చినట్టు సాగేది. పాస్టరమ్మ కొంగుతో కళ్ళొత్తుకునేది. కొత్తిల్లు కట్టుకున్నా, పిల్లాడికి జ్వరమొచ్చినా, "సీట్లక్కని పిలవండి, పేర్లన్నీ పెట్టి అడుగుతుంది" అనేవాళ్ళు.

ఆవిడ పని ఆటోలకీ వ్యాన్లకీ సీటు కవర్లు కుట్టడం. ఇంటి ముందుగదే కొట్టు. గోడవారగా రెక్సిన్ చుట్టలు, మంచం కింద స్పాంజి ముక్కలు, కిటికీలో సుద్దముక్కలు, మధ్యలో బరువైన కుట్టుమిషను. రెక్సిన్ మొండి సరుకు. తప్పు కుట్టి విప్పితే చిల్లు అలాగే ఉండిపోతుంది. అందుకే కుట్టేముందు ఆమె బాగా ఆలోచిస్తుంది. మనుషుల విషయంలోనూ అంతే. ఒకసారి చిల్లు పడిందంటే, దాని మీద ఎంత సోకైన గుడ్డ కప్పినా ఆమె కన్ను అక్కడికే పోతుంది.

అలా కన్ను పోయే చోటు ఆ గదిలోనే, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆమె తండ్రి. ఆయన్ని వీధి వీధంతా 'నాన్నగారు' అంటుంది. పాలవాడికీ నాన్నగారే, పోస్టుమానుకీ నాన్నగారే, ఆయనకన్నా పెద్దవాడైన చెప్పులు కుట్టే ముసలాయనకీ నాన్నగారే. ఎవరికి ఏం లేకపోయినా ఈయనకి చెబితే చాలు, ఇంట్లోది తీసి ఇచ్చేస్తాడు. గొడుగులు ఇచ్చాడు, దుప్పట్లు ఇచ్చాడు. సీట్లక్క తల్లి పోతూపోతూ "ఇది నీకే" అని కూతురికి అప్పగించిన తొక్కుడుమిషను కూడా, అమ్మ పోయిన ఏడాది తిరక్కుండానే, ఎదురింట్లో తలదాచుకున్న ఒక పిల్లకి ఇచ్చేశాడు. "పాపం, ఆ పిల్లకి ఎవరూ లేరు" అన్నాడు. "నాకెవరున్నారు?" అని అప్పటికి ఇంకా చిన్నపిల్లైన సీట్లక్క అడిగింది. "నీకు నేనున్నాగా" అన్నాడాయన, ఎంతో ప్రేమగా.

ఆ రోజు నుంచి ఆమె ఆయన్ని నాన్నా అనలేదు. ఎవరో ఒకరు పొద్దస్తమానం ఆ మాట అంటూనే ఉండే ఇంట్లో ఒక గొంతు తగ్గిందని ఆయన గమనించలేదని ఆమె బాధ.

మనలో పేరు పెట్టకుండా కాపురాలు వెళ్ళదీసిన ఆడవాళ్ళకి కొదవేముంది? ఏమండీ, ఇదిగో, వింటున్నారా - వీటితోనే పిల్లల్ని కని పెంచి పెళ్ళిళ్ళు చేసినవాళ్ళున్నారు. సీట్లక్క ఆ విద్యని తండ్రి మీద వాడింది. "మీ తాతని స్నానానికి లెమ్మను" అని కూతురితో చెప్పేది. కూతురు బడికెళ్తే మిషనుతో చెప్పేది: "అన్నం చల్లారిపోతోంది." మిషను పలికేది కాదు. ఆయన లేచి వెళ్ళి తినేవాడు.

దేవుడి పేర్లలో మాత్రం ఆమెకి నిజంగానే రుచి పుట్టింది. గొర్రెలు కాసుకున్నవాడు, తనని కాసేవాడు లేక, ఆయన్ని కాపరి అన్నాడు. శత్రువు తరిమితే పారిపోయినవాడు కోట అన్నాడు. ఎండకి మాడినవాడు నీడ అన్నాడు. ఎవరి దగ్గర ఏది లేదో వాళ్ళు దాన్నే ఆయనకి పేరుగా పెట్టారు. ఒకడు మండే పొద దగ్గర నిలబడి, నీ పేరేంటని సూటిగానే అడిగాడు. నేను ఉన్నవాణ్ణి అని జవాబొచ్చింది. తలుపు కొట్టినవాణ్ణి ఎవరూ అంటే "నేనే" అన్నట్టుంది! అయినా ఆ జవాబు చాలేది ఎవరికి? గొంతు ఎరిగిన ఇంటివాళ్ళకే. అన్నిట్లోకీ ఆమెకి నచ్చిన పేరు, యజమానురాలి బాధలు పడలేక ఎడారిలోకి పారిపోయిన ఒక పనిమనిషి పెట్టింది: నన్ను చూసే దేవుడు. దాన్ని ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. అందరికీ పంచిపెట్టడానికి ఆమేం నాన్నగారు కాదు.

ఇలా ఉండగా మందిరం పెద్దసభ వచ్చింది. ప్రభువు నేర్పిన ప్రార్థనని సీట్లక్కే చెప్పించాలన్నారు. అక్కడి పద్ధతి ప్రకారం ముందున్నవాళ్ళు మైకులో ఒక్కో మాట అంటారు, జనమంతా దాన్నే తిరిగి అంటారు. చదువురాని పెద్దవాళ్ళకి అది వీలు. అయితే ఆ ప్రార్థన మొదలయ్యేదే పరలోకంలో ఉన్న తండ్రితో. ఉన్నది ఆ ఒక్క గుమ్మమే, దొడ్డిదారి లేదు.

"గొంతు బాగాలేదండీ" అంది పాస్టరమ్మతో.

"నీ గొంతే బాగాలేకపోతే మేమంతా నోళ్ళు కుట్టించుకోవాలమ్మా. కుట్టేదానివి నువ్వే కదా, కానీ!"

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుని ఆ మాట అనబోయింది. సూది పుటుక్కుమంది.

"దేవుణ్ణేగా అనేది, తాతని కాదుగా" అంది కూతురు.

"ఇద్దరూ ఒకటే రకమే. అందరికీ తండ్రి! అందరికీ అయినవాడు ఇంట్లోవాళ్ళకి ఏం మిగుల్తాడే?"

"అనేసెయ్యమ్మా, ఏం పోయింది?"

"మనసొప్పి అంటే, మిషను ఇచ్చేశావు, పోనీలే అన్నట్టవుతుంది. ఒప్పకుండా అంటే దేవుడి ముందు అబద్ధమవుతుంది. ఎలా అనను?"

వ్యాను తోలే మొగుడు గోడకి చేరగిలబడి, "దేవుడికి అన్నేసి పేర్లు పెట్టావు. నాకు 'ఇదిగో' ఒక్కటే ఇచ్చావు. నేను మానేశానా కాపురం?" అన్నాడు.

సభ రోజు మందిరం కిటకిటలాడింది. ముందు వరసలో మధ్య కుర్చీ నాన్నగారిది. వచ్చినవాడల్లా వంగి పలకరించి మరీ పోతున్నాడు. సీట్లక్క మైకు పట్టుకుంది. కొండా అంది, జనం కొండా అన్నారు. కోటా, కాపరీ, గొర్రెపిల్లా, సింహమా, ద్రాక్షతీగా, ద్వారమా అన్నీ అయిపోయాయి. జనం ఉత్సాహంగా అన్నీ తిప్పి అన్నారు. పాస్టరుగారు మెల్లగా గడియారం వైపు చూశాడు. ఇక పైకి అనాల్సింది ఆ ఒక్క మాటే మిగిలింది.

అప్పుడే నాన్నగారికి దగ్గు తెర వచ్చింది. ఆగేలా లేదు. ఎవరో గ్లాసుతో నీళ్ళందించారు. ఆయన అందుకున్నాడు. మొహం కందిపోతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. అలా దగ్గుతూనే ఆ గ్లాసుని పక్కకుర్చీలో ఉన్న ముసలాయన వైపు, మీరు కానివ్వండి అన్నట్టు చాపాడు.

సీట్లక్కకి ఒళ్ళు మండిపోయింది. చేతిలో మైకుందన్న సంగతే మరిచిపోయింది.

"నాన్నా, ముందు నువ్వు తాగు!"

"నాన్నా, ముందు నువ్వు తాగు!" అంది మందిరమంతా, ఒక్క గొంతుతో.

రేకులు మోగాయి. ముసలాయన ఉలిక్కిపడి గ్లాసు వెనక్కి నెట్టాడు. నాన్నగారు బుద్ధిగా గడగడా తాగేశాడు. అంతమంది చెబితే ఎవరైనా తాగుతారు.

సీట్లక్క మైకు దగ్గరగా పట్టుకుంది. తర్వాత పరలోకంలో ఉన్న తండ్రిని పిలిచి, గొంతు తడబడకుండా ప్రార్థన చివరిదాకా చెప్పించింది. ఎక్కడా గుచ్చుకోలేదు.

సభ అయ్యాక పాస్టరుగారు అదో గొప్ప మర్మం అన్నాడు. సిలువ మీద దప్పికగొన్న ప్రభువుకి మొదటి గుక్క పట్టింది మన చెల్లెమ్మ అన్నాడు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకుని విన్నారు. సీట్లక్క కాదని చెప్పబోయింది గానీ, అప్పటికే ఇద్దరు ఏడుస్తున్నారు.

ఇంటికొచ్చేటప్పుడు నాన్నగారు ఆమె భుజం మీద చెయ్యేసి మెట్లు దిగుతూ, "ఇన్నేళ్ళూ ఇంట్లో అన్నావు కాదు. మైకు దొరికాక అన్నావు" అన్నాడు.

ఆమె సగం మెట్ల మీద ఆగిపోయింది. అంటే ఈయనకి తెలుసు! ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుని, తనకి రాని ఒక్క పిలుపు కోసం చెవొగ్గి వింటూనే ఉన్నాడు.

"మిషను ఇచ్చేశావు కదా" అంది, మెట్లకేసి చూస్తూ.

"ఇచ్చేశాను. ఆ పిల్లకీ ఎవరూ లేరు మరి." ఆయన మారలేదు. ఇంకో మెట్టు దిగి, "నీది మాత్రం అడక్కుండా ఇచ్చాను. అడగాల్సింది" అన్నాడు.

అప్పట్నుంచి సీట్లక్క ప్రార్థన బాగా చిక్కిపోయింది. తండ్రీ అంటుంది, కావలసింది అడుగుతుంది, కూర్చుంటుంది. పేర్ల కోసం వచ్చేవాళ్ళకి ఉసూరుమంటోంది. ఈమధ్య గృహప్రవేశాలకి ఇంకొకావిణ్ణి పిలుస్తున్నారు, ఆవిడ కొండలూ కోటలూ బాగానే సేకరిస్తోందట.

మొన్న పొద్దున్న మాత్రం వీధి చివరిదాకా వినపడిందామె గొంతు.

"నాన్నా! నా పెద్ద కత్తెర ఎవరికిచ్చావు?"

"అడిగే ఇచ్చానమ్మా" అన్నాడాయన లోపలినుంచి. "నువ్వు నిద్రలో ఉన్నావు."