శ్రావణిని లేపొద్దన్న నెల

కోవిడ్ తర్వాత బళ్ళు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, జూన్ నెల బదిలీల్లో నాకు పెడన దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. అంతకుముందు చాలాకాలం దివిసీమలో జీవశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంటుగా పనిచేశాను. గెజిటెడ్ ప్రధానోపాధ్యాయురాలిగా అదే నా మొదటి పోస్టింగు, పదవీ విరమణకు ముందు చివరిది కూడా. కాపురం బందరులోనే కాబట్టి బస్సులో వెళ్ళి రాగలిగే దూరంలో బడి దొరికింది. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను.

పదో తరగతి పిల్లలు బడి ముఖం సరిగా చూడకుండానే రెండు తరగతులు దాటి వచ్చినవాళ్ళు. జిల్లా అంతటా అదే బెంగ. జనవరిలో 'దత్తత' అమలు చేయమన్నారు. అంటే ఒక్కో ఉపాధ్యాయుడు వెనకబడిన పిల్లలు కొందరిని తన బాధ్యతగా తీసుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి వాళ్ళ ఇళ్ళకు ఫోను చేసి లేపాలి. చదువుకు కూర్చున్నారని తేల్చుకుని, ఆ సంగతి మండలం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. చాలామంది ఒక రింగు ఇచ్చి ఊరుకునేవారు. మా లెక్కల మాస్టారు రాంప్రసాద్ గారు అలా కాదు. లైన్లో ఉండి ఒక సూత్రమైనా అప్పజెప్పించుకుంటే గానీ ఫోను పెట్టేసేవారు కాదు. పిల్లలంటే ప్రాణం ఆయనకు. వందశాతం ఫలితాలన్నా అంతే.

ఆయన దత్తతలో శ్రావణి అనే నేతపనివారి అమ్మాయి ఉంది. అర్ధ సంవత్సర పరీక్షల్లో గట్టెక్కిన పిల్ల. దత్తత మొదలయ్యాక మిగతావాళ్ళ మార్కులు అంతో ఇంతో పెరుగుతుంటే ఈమెవి దిగుతూ వచ్చాయి. ఫిబ్రవరిలో ప్రీఫైనల్ జరుగుతుండగా గదులు చూస్తూ వెళ్ళాను. శ్రావణి చేతిలో పెన్ను ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, పెన్ను మాత్రం కదలడం లేదు. ఇన్విజిలేటరు బల్ల మీద తడితే ఉలిక్కిపడి రెండు ముక్కలు రాసి మళ్ళీ ఆగిపోయింది.

ఆ వారంలోనే నా గదికి వచ్చి నిలబడింది. పబ్లిక్ పరీక్ష రాయనంది. ఎందుకని అడిగాను.

"పరీక్షకి రానోళ్ళు శాతంలో కలవరంట కదండీ. నా వల్ల మాస్టారి వందశాతం పోద్ది మేడం."

ఆ పిల్ల చెప్పింది నిజమే. ఉత్తీర్ణత శాతం హాజరైనవారి మీదే కడతారు. స్టాఫ్ రూములో మేమంతా మామూలుగా అనుకునే మాట అది, పిల్లల చెవిన పడకుండా ఎలా ఉంటుంది? కానీ పరీక్ష మానేస్తే ఆమె పాలిటెక్నిక్ ఆశ అక్కడితో సరి. ఇంటిదగ్గర పనికి కూర్చున్న పిల్ల మళ్ళీ బడిమెట్లు ఎక్కడం నా సర్వీసులో అరుదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెడన బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగదిలోనే గుంట మగ్గం. తండ్రి వీరాంజనేయులు మగ్గం దిగి కుర్చీ తుడిచి వేశాడు. పిల్లకు బుర్రకెక్కడం లేదని, ఇంకా దాన్ని హింసపెట్టడం ఎందుకని, నూలు కండెలు చుట్టుకుంటూ తల్లికి సాయంగా ఉంటుందని చెప్పాడు. కోపంగా కాదు, జాలిగానే చెప్పాడు. నాలుగింటి ఫోను సంగతి ఎత్తితే నవ్వాడు.

"మాస్టారు పుణ్యమా అని మా పేటలో కోడికి పనిలేకుండా పోయిందండీ. ఆయన ఫోనుకి అదీ లెగుస్తంది."

తల్లి నవ్వలేదు. ఎక్కడ మాట పడాల్సి వస్తుందోనని ఫోను మోగకముందే పిల్ల లేచి కూర్చుంటోందని చెప్పింది. పెళ్ళిళ్ళ రోజులు, చీరలు ఒప్పుకున్నారు. రాత్రి బాగా పొద్దుపోయేదాకా మగ్గం ఆడాల్సిందే, అది ఆగితే గానీ ఆ గదిలో ఎవరికీ కన్ను మూతపడదు. మరి ఇదివరకూ ఇంతేనా అని అడిగాను.

"లేదండీ. ఇదివరకు వాళ్ళ అమ్మమ్మ దగ్గర పడుకునేది, రెండిళ్ళవతల. ఆవిడ ఇంట్లో మగ్గం లేదు. ఈ ఫోన్లు మొదలయ్యాక ఇక్కడికి తెచ్చాం."

"ఎందుకమ్మా?"

"ఆవిడ దగ్గర ఫోను లేదు కదండీ."

ఆ ఫోను కోసమే పిల్లను తెచ్చి మగ్గం పక్కన పడుకోబెట్టారు. శ్రావణి బుర్రకు వచ్చిన లోపమేమీ లేదని తెలిసి గుండె తేలికపడింది. అక్కడే మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. పరీక్షలయ్యేదాకా పిల్లను మళ్ళీ అమ్మమ్మ దగ్గరే పడుకోబెట్టమని, బడి మాన్పించవద్దని అడిగితే సరేనన్నారు.

మర్నాడు రాంప్రసాద్ గారితో శ్రావణికి ఇక ఫోను చేయవద్దన్నాను. పిల్ల అమ్మమ్మ ఇంట్లో పెందలాడే పడుకుని ఆరింటికి లేస్తుంది. సాయంత్రం బడిలోనే స్టడీ అవరు చదువుకుంటుంది. ఆయన నొచ్చుకున్నారు.

"నిద్రపోయి పాసైనవాళ్ళున్నారా అండీ?"

నేనున్నానన్నాను. చిన్నతనంలో జబ్బుచేసి నేను బడికి వెళ్ళలేదు. ఇంట్లో అమ్మే చదువు చెప్పింది. పదో తరగతి ప్రైవేటుగా కట్టాను. సాయంకాలం ప్రార్థన అయ్యాక అమ్మ నన్ను పుస్తకం ముట్టుకోనిచ్చేది కాదు. పొద్దున తాజా బుర్రతో చదివింది నిలుస్తుందనేది. ఆయన విన్నారు గానీ ఒప్పుకోలేదు. గ్రూపులో ఏం పెట్టమంటారని అడిగారు. ఉన్నమాట పెట్టమన్నాను: ప్రధానోపాధ్యాయురాలి ఆదేశం మేరకు విద్యార్థినిని లేపలేదు అని.

అది పైదాకా వెళ్ళింది. గుడివాడలో సమీక్ష సమావేశం జరిగినప్పుడు ఉప విద్యాశాఖాధికారి గారు నన్ను లేపి నిలబెట్టారు.

"ఏమ్మా, జిల్లా అంతా పిల్లల్ని లేపుతుంటే మీరు జోకొడుతున్నారా?"

హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక ఇంటి పరిస్థితి చెప్పి, ఇది ఒక్క పిల్ల సంగతేనని, బాధ్యత నాదేనని అన్నాను. ఆ పిల్ల పరీక్ష తప్పితే సంజాయిషీ రాసివ్వాల్సి ఉంటుందన్నారు. రాసిస్తానన్నాను.

రెండు వారాలకు శ్రావణి నల్లబల్ల దగ్గరకు తనంతట తానే వెళ్ళి ఒక లెక్క చేసిందని రాంప్రసాద్ గారే వచ్చి చెప్పారు. ఆ రోజు నుంచి తన దత్తత పిల్లలందరినీ ఎన్నింటికి పడుకుంటున్నారో అడగడం మొదలుపెట్టారు. ఇద్దరికి ఫోను ఐదున్నరకు మార్చారు. శ్రావణి పరీక్ష మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. పబ్లిక్ పరీక్షలకు అన్ని రోజులూ వెళ్ళింది.

ఫలితాలు వచ్చిన రోజు ఆయనే ఫోను చేశారు. శ్రావణి పాసైంది, లెక్కల్లో మంచి మార్కులే. వందశాతం మాత్రం రాలేదు. మేమెవరం అనుకోని ఒక పిల్లవాడు సాంఘికశాస్త్రంలో తప్పాడు, తర్వాత సప్లిమెంటరీలో గట్టెక్కాడు. ఆయన గొంతులో దిగులు వెతికాను, దొరకలేదు. "శాతం పోతే పోయిందిలెండి మేడం, పిల్ల రాసింది" అన్నారు. నేను ఫోను పెట్టి, కాసేపు మోకాళ్ళ మీద ఉండి లేచాను. శ్రావణి ఆ ఏడే పాలిటెక్నిక్‌లో చేరింది.

చదువులో పిల్ల వెనకబడితే ఇంకో గంట కలపాలనే మా వృత్తిలో ఎవరికైనా మొదట తోస్తుంది. కలిపిన ప్రతి గంటా ఆ పిల్ల రోజులో ఎక్కడినుంచో తీసిందే. ఎక్కడినుంచి తీస్తున్నామో ఇంటికి వెళ్ళి చూడకుండా దాన్ని కలపకూడదు.