ఎండిన బిరడాలు

నవాబు మీర్ సాహెబ్ దేవిడీలో నౌకరు సీమోను, నేలమాళిగలోని ఫ్రాన్స్ వైను తాగేసి, ఖాళీ సీసాల్లో నేరేడు రసం నింపి బిరడా కొడతాడని యాకుత్‌పురా నల్లా దగ్గర అందరూ అనుకునేవారు. పైగా మీర్ సాహెబ్‌కు గ్లాసు అందించే ముందు తనో గుక్క తాగి, నవాబుకు ఎంగిలి తాగిస్తాడట.

"మీ బాపు నోరు కడుక్కుంటడా, లేక గట్లనే ఇంటికొస్తడా?" అనేది సక్కుబాయి బిందె ఎత్తుకుంటూ.

సీమోను కూతురు రాహేలు తల వంచుకునేది. ఏడో తరగతిలో బడి మాని, తండ్రితోపాటు మొఘల్‌పురాలోని ఆ పాత భవంతిలో గ్లాసులు కడిగే పిల్ల. ఎంగిలి మాట అబద్ధం కాదని ఆమెకు తెలుసు. రెండేళ్లుగా కళ్లారా చూస్తోంది. ఎందుకని తండ్రిని అడిగే ధైర్యమే చాల్లేదు.

1974 వేసవిలో సాహెబ్ మిగిలిన నలభై సీసాలూ అమ్మజూపాడు. కాబెర్నే అనే నల్లద్రాక్షకు ఇంకో రెండు రకాలు కొద్దిగా కలిపి చేసిన వైను అది. పదేళ్లు కదలకుండా ఉంటే గానీ దాని వగరు దిగదు. బిరడా ఎప్పుడూ తడిగా ఉండాలని సీమోను సీసాలను అడ్డంగా పడుకోబెట్టేవాడు. ఎండాకాలమంతా చుట్టూ తడి గోనెలు కట్టేవాడు.

ఆ ఏడు అతను కామెర్లతో రెండు నెలలు మంచం పట్టాడు. సున్నం వేయడానికి వచ్చిన ఎల్లప్ప, పడి ఉన్న సీసాలను చూసి పాపమనుకుని, ఒక్కొక్కటే తుడిచి బోనం కుండల్లా వరసగా నిలబెట్టి పోయాడు. సీమోను తిరిగొచ్చేసరికి గోనెలు అట్టలు కట్టాయి, బిరడాలు ముడుచుకున్నాయి. గాలి దూరితే వైను పులిసి సిర్కా, అంటే వినిగర్, అవుతుంది. అదే జరిగితే ముప్పై ఏళ్ల కొలువు పోయి, దొంగ అన్న పేరు మిగులుతుంది.

కొనడానికి ఒక హోటలు తరఫున రామ్‌చందర్ వచ్చాడు. మెడలో తులసి మాల.

"నేనైతే ముట్టను సాబ్. బురా నక్కో మానో, తప్పుగ అనుకోకుండ్రి, బయట ఏమేమో అంటున్నరు. ఒక్కటి తెరువుండ్రి. మంచిగుందని మీరంటే తీస్కపోత. లేకుంటే ఇతన్ని ఠాణాకే తోలుండ్రి."

సీసా రామ్‌చందరే ఎంచుకున్నాడు. బిరడా సగంలో విరిగింది. రాహేలు ట్రేలో గ్లాసులు తెచ్చింది. సీమోను మిగతా ముక్క లాగి, కొంచెం వొంపి, అలవాటుగా గ్లాసు తన నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ముందుగాల నౌకరు తాగుడేంది? సాబ్‌కియ్యి," అన్నాడు రామ్‌చందర్.

సాహెబ్ ఒక గుటక మింగాడు. ఇంకో గుటక మింగి సీమోను వైపు చూశాడు. పులిసినట్టే అనుకుంది రాహేలు.

"ఏంది సాబ్, చెప్తలేరు?"

సాహెబ్ గ్లాసును సీమోనుకు ఇచ్చాడు. "ఇతను చెప్పిందే నా మాట."

సీమోను ఒక గుక్క తీసుకుని, కళ్లు మూసుకుని చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. "బతికింది సాబ్. వగరు దిగింది, పులుపు లేదు. గని ఈ ఏడాదే తాగాలె. ఇగ పదకొండు సీసాలకు బిరడా పక్కనుంచి కారింది. అవి మాత్రం తీస్కపోవద్దు."

రామ్‌చందర్ అతని ముఖంలోకి చూశాడు. "దొంగైతే ఆ పదకొండు గూడ అంటగట్టేటోడు. మిగిలినయి బండికెక్కించు భాయ్."

బండి వెళ్లాక, గ్లాసులు కడుగుతూ రాహేలు మొదటిసారి అడిగింది. "సాబ్ తాగిండు గద బాపు. ఎందుకు చెప్పలే?"

"నలుగుట్ల అనకు బిడ్డా," అని సీమోను గొంతు తగ్గించాడు.

రెండేళ్ల కిందటి విషజ్వరంలో మీర్ సాహెబ్‌కు రుచీ వాసనా రెండూ పోయాయి.